రివర్స్ గేరులో ఒడ్డుకు: ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద ఒక ఆదివారం

మా మేనత్త ఎస్తేరమ్మ నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఇబ్రహీంపట్నంలో బస్టాండు వెనక సందులో చిన్న టైలరింగ్ దుకాణం పెట్టుకుని, మామ పోయాక కూడా ఒక్కతే నెట్టుకొస్తోంది. నా చిన్నప్పటి గౌన్ల నుంచి పెళ్లి జాకెట్టు దాకా అన్నీ ఆమె చేతి కుట్టే. అలాంటి అత్త ఒక శుక్రవారం ఫోన్ చేసి, "ఐతారం నీకు డ్యూటీ ఉందా బిడ్డా? లేకుంటే జర రా. చెర్ల పడవ మీద పోయే పనున్నది. ఒక్కదాన్నే పోనీకి మనసు ఒప్పుతలేదు" అంది. నేను బడంగ్‌పేట్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. ఆదివారం పొద్దున రద్దీ ఎక్కువే. అయినా అప్పటికప్పుడు సెలవు చెప్పేశాను.

పడవ మీద ఏం పని అని అడిగాను. కాసేపు మిషను చప్పుడే వినిపించింది. తర్వాత మిషను ఆపి చెప్పింది. కందుకూరులో బాలరాజు అని ఒకాయన ఉన్నాడు. ప్రభుత్వ బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య చనిపోయిన ఏడాది ఆమె చీరలన్నీ మూట కట్టుకుని అత్త దుకాణానికి వచ్చి, వాటితో మనవరాలికి బొంత కుట్టిపెట్టమన్నాడట. బొంత పూర్తయ్యాక కూడా ఏదో ఒక చిరుగు పట్టుకుని వస్తూనే ఉన్నాడు. మొన్న దసరా సెలవుల్లో ఆయన కూతురే స్వయంగా వచ్చి, "అత్తమ్మా, మా నాయినను చేసుకుంటవా?" అని అడిగింది. అత్త అవుననలేదు, కాదనలేదు. "నువ్వేమనుకుంటున్నవ్ అత్తా?" అన్నాను. "అనుకునుడు తర్వాత. ముందుగాల మీ మామకు చెప్పాలె గద" అంది.

మామ సమాధి ఊరి చివర ఉంది. అత్త ఏటా దానికి సున్నం వేయిస్తుంది. మరి పడవ ఎందుకని నా అనుమానం. "గా సమాధి కాడ మాట్లాడబుద్ధి గాదు బిడ్డా. మీ మామ ఎన్నడన్న గాడ కూసున్నడా? ఉన్నన్ని రోజులు చెర్ల చేను కాడనే ఉండె" అంది. అప్పుడు అర్థమైంది. పెద్ద చెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న రోజుల్లో చాలామంది లోపలే సేద్యం చేసుకునేవారు. మామకూ అక్కడ కొంత చేను ఉండేది. జొన్న, కంది, ఒక మూల బెండ, గోకర. ఆయన పోయిన తర్వాత పెద్ద వానలు పడి చెరువు నిండింది. చేను నీళ్ల కిందికి వెళ్లింది. మామతో మాట్లాడాలంటే అత్త ఇప్పుడు పడవ ఎక్కాల్సిందే.

బడంగ్‌పేట్ వైపు నుంచి వచ్చేవాళ్లు సాగర్ రోడ్డు పట్టుకుంటే చాలు. తుర్కయాంజాల్, బొంగులూరు గేటు, శేరిగూడ దాటితే ఇబ్రహీంపట్నమే. పెద్ద అంబర్‌పేట్ వైపు వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చి బొంగులూరు దగ్గర దిగడం సులువు. ఆర్డినరీ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి నాకు ప్రయాణం ఖర్చు కాలేదు. ఖర్చంతా శేరిగూడ దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు చూసి దిగిపోవడం వల్లే వచ్చింది. పండ్లు కొనుక్కుని, వెనక వచ్చిన షేర్ ఆటో ఎక్కి అత్త ఇంటికి చేరేసరికి ఆమె చర్చి నుంచి వచ్చి తయారుగా ఉంది. ఆకుపచ్చ అంచు తెల్లచీర, తలలో పూలు లేవు, చేతిలో చిన్న రుమాలు. ఏదో పరీక్షకు వెళ్లే పిల్లలా ఉంది. ఆటో ఎక్కి కట్ట దగ్గర దిగాము.

కట్ట మీద ఎక్కగానే గాలి ముఖానికి కొట్టింది. ఇంత నీళ్లు హైదరాబాదుకు ఇంత దగ్గరలో ఉన్నాయంటే చూడనివాళ్లు నమ్మరు. దూరంగా గుట్టలు, వాటి కింద దాకా నీళ్లు, నడుమ అక్కడక్కడా తల లేని తాటి మోళ్లు. ఒడ్డున చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్పలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఒక్కటే పెద్ద చెక్క పడవ. దాని యజమాని యాదగిరి, యాభై దాటిన ముదిరాజ్ మనిషి, చేపలవాళ్లలో పెద్దవాడు. చెరువు నిండిన ఏడాది సాగర్ వైపు నుంచి పాత పడవ కొని లారీ మీద తెచ్చుకున్నాడట. అడుగంతా తారు పూసి, సందుల్లో దూది కూరి ఉంది. నడుమ డీజిల్ ఇంజను, దాని వెనక ఇనప గేర్‌బాక్స్, పక్కన చెయ్యంత పొడుగు గేరు రాడ్డు. వారమంతా వలలు లాగడానికి, ఆదివారం వచ్చినవాళ్లను తిప్పడానికి అదే. మాకు రంగు వెలిసిన లైఫ్ జాకెట్లు ఇచ్చి, "ఏడిదాక పోవాలక్కా?" అని అడిగాడు. "తాటి మోళ్లు దాటినంక చెప్త" అంది అత్త.

అప్పుడే చూశాము, కట్ట మెట్ల మీద ఒకాయన టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా, నుదుటి దాకా నూనె రాసి దువ్విన తల. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అత్త ముఖం ఎర్రబడింది. ఇన్నేళ్లూ ఆయన్ని 'అన్నా' అని పిలిచిన మనిషి, ఆయన కూతురు వచ్చి అడిగిన రోజు నుంచి ఏమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేసిందని నాకు ముందే చెప్పింది.

"నేను పడవ ఎక్కను ఎస్తేరమ్మా. గట్టు మీదనే కూసుంట," అన్నాడు బాలరాజు గారు, ఏదో తప్పు చేస్తూ దొరికినవాడిలా. "మొన్న దుకాణంల నువ్వు చెర్వు ముచ్చట మాట్లాడుతుంటే విన్న. ఎండల తిరిగొస్తరు, ఆకలైతదని అన్నం తెచ్చిన. గంతే."

అత్త నా వైపు చూసింది. నేను నీళ్ల వైపు చూశాను. ఈలోగా యాదగిరన్న తల గోక్కుంటూ, "మా బామ్మర్ది పెండ్లికని పోయిండు. మోళ్ల నడుమ గడ పట్టనీకి ఒక మనిషి కావాలె. గీ సారు రారాదే?" అన్నాడు. అత్త కాసేపు రుమాలు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. ఆయన ముఖం చూడకుండానే, "రమ్మను. అన్నం కూడ తెమ్మను. ఈడ పెడితే కుక్కలు ముడతయ్" అంది.

అలా నలుగురం బయలుదేరాము. మధ్యాహ్నం ఒంటిగంట అయి ఉంటుంది. ఇంజను డగడగలకు పలకలన్నీ వణుకుతుంటే కాళ్లలోంచి పళ్ల దాకా తెలుస్తోంది. నాకు ఈత రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పడవ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నీళ్ల మీద తెల్ల కొంగలు లేచి కొంచెం ముందు వాలుతున్నాయి. బాలరాజు గారు పడవ ముక్కు దగ్గర పొడుగాటి వెదురు గడ పట్టుకుని నిలబడ్డాడు. తాటి మోళ్లు వచ్చినప్పుడు ఒక్కొక్కదాన్ని గడతో నెడుతూ పడవను తప్పించాడు. మోళ్లు దాటాక అత్త లేచి నిలబడి గుట్టకేసి చూసింది. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని మోళ్లనూ గుట్టనూ చూపుతో కలిపి, "జర ఇంక… జర ఇంక… ఆపు. గీడనే. గీడనే మా చేను" అంది.

చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేదు. అత్తకు మాత్రం అంతా కనిపిస్తున్నట్టుంది. "మంచె ఆడ ఉండె. కందులు గిటు దిక్కు. మీ మామ చెప్పులు గట్టు మీద ఇడిశి లోపటికి పోతుండె, చేన్ల చెప్పులేసుకోకపోతుండె" అని నాకు చూపించింది. యాదగిరన్న ఇంజను ఆపడానికి చెయ్యి చాపాడు. బాలరాజు గారు అతని భుజం తట్టి, "ఇంజన్ బంద్ చెయ్యకు. గట్లనే ఉండనీ" అన్నాడు. ఎందుకో మొదట నాకు తట్టలేదు. ఆయన మాకు వీపు పెట్టి కట్ట వైపు తిరిగి కూర్చున్నాక తెలిసింది. ఆ చప్పుడులో అత్త మాట్లాడేది ఆమెకు తప్ప ఎవరికీ వినిపించదు. అత్త చెప్పులు విడిచి, అంచు మీదుగా వంగి, చేతివేళ్లు నీళ్లలో పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. చాలాసేపే మాట్లాడింది. నేను కూడా తల తిప్పుకున్నాను.

ఆమె లేచి కూర్చుని తల ఊపాక యాదగిరన్న గేరు వేశాడు. ఇంజను గొంతు పెరిగింది కానీ పడవ కదల్లేదు. రాడ్డు న్యూట్రల్‌కు తెచ్చి మళ్లీ ముందుకు నెట్టాడు. లోపల ఏదో గరగరమని అరిగిన చప్పుడు, వెంటనే కాలిన వాసన. పలక ఎత్తి చూస్తే అడుగున ఊరిన నీళ్ల మీద నల్లగా నూనె తేలుతోంది. గేర్‌బాక్స్ కింది సీల్ పోయి, నూనె ఎప్పటి నుంచో కారిపోతున్నట్టుంది. మేము ఆగి ఉన్నంతసేపూ అది నూనె లేకుండానే తిరిగింది. యాదగిరన్న డబ్బాలో ఉన్న నూనె అంతా పోసి చూశాడు. ఇంజను అరుస్తుంది, నీళ్లలో పంకా తిరగదు.

"ముందటి గేరు ప్లేట్లు కాలిపోయినయ్," అన్నాడు, ముఖం వాడిపోయి. "పొద్దుగాల మంచిగనే ఉండె అక్కా. నా పడవ ఎన్నడు గిట్ల చెయ్యలె."

గాలి మాత్రం మా కోసం ఆగలేదు. పడవ నెమ్మదిగా తాటి మోళ్ల మీదికి జారుతోంది. తాడు కట్టిన లంగరు రాయి వేస్తే బురదలో నిలవక ఈడ్చుకుపోయింది. అంతలో పడవ పక్క భాగం ఒక మోడుకు తగిలి, లోపల పలక కిర్రుమంది. రెండోసారి తగలకుండా బాలరాజు గారు గడ పడవలో పడేసి చేత్తోనే మోడును నెట్టబోయాడు. పడవకూ మోడుకూ నడుమ ఆయన చెయ్యి.

"బాలరాజూ! చెయ్యి తియ్!"

ఆ కేక అత్తదని గుర్తించడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు, కానీ అరచేతి చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. అత్త తూలుకుంటూ వెళ్లి ఆయన ముందు కూర్చుని, చెయ్యి నీళ్లలో ముంచి కడిగి, రుమాలు చుట్టి ముడి వేసింది. "బస్సు అనుకున్నవా? నెడితే ఆగుతదా?" అని తిట్టింది. పేరు పెట్టి పిలిచిందన్న సంగతి ఆ గొడవలో ఆమెకు తెలియలేదు, ఆయనకు తెలిసింది. చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి అలాగే కూర్చున్నాడు.

యాదగిరన్న తాడుతో పడవను మోడుకు కట్టి ఫోన్లు మొదలుపెట్టాడు. చేపలవాళ్లంతా ఆ పెళ్లిలోనే ఉన్నారు. వచ్చేసరికి చీకటి పడుతుందన్నారు. థర్మాకోల్ తెప్పల మీద మమ్మల్ని ఎక్కించుకోవడం కుదరదు. ఇటు చూస్తే మోడుకు తగిలిన చోట పలక సందులోంచి నీళ్లు ఊరుతున్నాయి. ఎక్కువ కాదు, కానీ ఆగడం లేదు. నాకు ఒక పాత పెయింటు డబ్బా ఇచ్చి తోడమన్నాడు. తోడుతుంటే భయం కొంత తగ్గింది. కట్ట ఎంత దూరంలో ఉందో చూసినప్పుడల్లా ఇంకా జోరుగా తోడేదాన్ని. అత్త నా వీపు మీద చెయ్యి వేసి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇది మన చేనే" అంది. నీళ్ల నడుమ ఆ మాట విని నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బాలరాజు గారు గేర్‌బాక్స్ దగ్గర చెవి పెట్టి కాసేపు విన్నాడు. "ఎనుక గేరు ఏసి సూసినవా యాదగిరీ?"

"ఎనుక గేర్లనా? గంత దూరమా?"

"ముందటి ప్లేట్లు వేరు, ఎనుకటియి వేరు గద. ఒకపారి యాచారం దాటినంక నా బస్సు గట్లనే మొరాయించింది. జనాన్ని దింపి రివర్స్‌లనే ఊర్లెకు తెచ్చిన. అందరు నవ్విన్రు. నవ్వితే నవ్వనీ, చేరినం గద."

యాదగిరన్న మోడుకు కట్టిన తాడు విప్పి, రాడ్డు వెనక్కి లాగాడు. ఒక్క కుదుపు. పడవ వెనక్కి కదిలింది. మా నలుగురి నోళ్లలోంచీ ఒకేసారి ఊపిరి బయటికొచ్చింది.

కానీ పడవను వెనక్కి నడపడం అనుకున్నంత సులువు కాదు. వెనక భాగం కిందికి ఉండడం వల్ల జోరు పెంచితే నీళ్లు లోపలికి దూకుతాయి. అందుకని యాదగిరన్న తప్ప మిగతా ముగ్గురం బరువు కోసం ముక్కు వైపు చేరాము. రివర్స్‌లో చుక్కాని మాట వినదు. ముక్కు దగ్గర, పడవలో ఉన్న ఒక్క తెడ్డు నీళ్లలో పెట్టి దానితోనే మలుపు తిప్పాలి. ఒంటిచేత్తో ఆ పని బాలరాజు గారు తీసుకున్నాడు. పడవ పోయే వైపు ఆయన వీపు ఉంది. ఆయనకు ఎదురుగా కూర్చున్న అత్తకు కట్ట కనిపిస్తోంది. కాబట్టి దారి చెప్పే పని ఆమెది.

"రానీ… రానీ… ఎడమకు!"

ఆయన తెడ్డు తిప్పాడు. పడవ అటువైపు కాకుండా ఇటు తిరిగింది.

"ఎడమకు అంటే గిటెందుకు తిప్పినవ్?"

"నా ఎడమనా, నీ ఎడమనా?"

అత్తకు కోపం వచ్చింది. "ఇద్దరికి రెండు ఎడమలు ఏంది? ఇటొచ్చి నా పక్కన కూసో!"

ఆయన తెడ్డుతో సహా లేచి, జాగ్రత్తగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అక్కడి నుంచి ఇద్దరికీ ఒకటే ఎడమ, ఒకటే కుడి. ఇంజను దగ్గర యాదగిరన్న తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. నేను పెయింటు డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉన్నాను. కాసేపటికోసారి ఇంజను ఆపి, తడి గోనెసంచి కప్పి గేర్‌బాక్స్‌ను చల్లార్చుకుంటూ, నడక కన్నా నెమ్మదిగా వస్తున్నాము. ఆగినప్పుడల్లా గాలి మమ్మల్ని కొంచెం పక్కకు నెట్టేది.

దారి సగం దాటామనుకున్నాక ఆ గేరు కూడా జారడం మొదలుపెట్టింది. పట్టుకుంటుంది, వదిలేస్తుంది. యాదగిరన్న గడ నీళ్లలోకి దింపి చూశాడు. చెయ్యి మునిగినా అడుగు తగల్లేదు. "గడ అందితే నెట్టుకుంట పోతుంటిమి. ఈడ మస్తు లోతుంది," అన్నాడు. అతని గొంతులో మొదటిసారి భయం వినిపించింది.

అత్త లేచి నిలబడింది. మళ్లీ గుట్టను చూసింది, తర్వాత కట్ట మీది తూము గదిని చూసింది. "ఎడ్లబండ్ల బాట ఉండె గద," అంది తనలో తాను. తర్వాత గట్టిగా, "యాదగిరీ, జర గా తూము దిక్కు పోనీ. బండ్ల బాట మిట్ట మీదికెళ్లి పోతుండె. రోజు మాపటికి నేను, మీ బావ గా బాట పట్టుకునే ఇంటికొస్తుంటిమి. వానకు అన్ని దిక్కుల బురదైనా గా బాట మునగకపోతుండె" అంది.

యాదగిరన్న ఇంకేమీ అడగలేదు. పట్టుకున్నప్పుడల్లా గేరు వేస్తూ, వదిలినప్పుడల్లా ఆగుతూ, తూము వైపు పడవను తిప్పాడు. బాలరాజు గారు ప్రతిసారీ గడ దింపి చూస్తున్నాడు. ఒకసారి లేదు. మళ్లీ లేదు. ఆ తర్వాత గడ టక్కుమని ఆగింది. బురదలో దిగిన మెత్తదనం కాదు, గట్టి నేల. "అందింది!" అని ఆయన వేసిన కేకకు కొంగలు లేచిపోయాయి.

ఇంజను ఆపేశారు. ఇద్దరు మగవాళ్లూ మార్చి మార్చి గడ వేస్తుంటే, పడవ నిశ్శబ్దంగా ఆ కనిపించని బాట మీదుగా నడిచింది. అత్త ముందు చూస్తూ దారి చెబుతోంది. "గీడ రేగుచెట్టు ఉండె, కుడికి మలుగు… గీడ మీ మామ బీడీ ముట్టిచ్చుకోనీకి ఆగుతుండె… ఇగ సక్కగ పోవుడే." మామ పేరు వచ్చినప్పుడు బాలరాజు గారి ముఖం ఎలా మారుతుందోనని నేను దొంగచూపు చూశాను. ఆయన గడ మీద బరువు వేస్తూ, చాలా శ్రద్ధగా, "రేగుచెట్టు దాటినంక బాట సన్నగయితదా?" అని అడుగుతున్నాడు. "అయితది. జర పైలం" అని ఆమె చెబుతోంది. ఇద్దరూ ఏదో తెలిసిన ఊరి దారి గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంది.

ఒడ్డు చేరేసరికి ఎండ ఇంకా ఉంది, కానీ మెత్తబడింది. కట్ట మీద ఫొటోలు దిగుతున్న కుర్రాళ్లు దిగివచ్చి పడవను లాగడానికి సాయం పట్టారు. నేల మీద కాలు పెట్టగానే పెయింటు డబ్బా పట్టుకునే అక్కడ కూర్చుండిపోయాను. మేము ఇచ్చిన డబ్బులు యాదగిరన్న తీసుకోనన్నాడు. అత్త ఊరుకోలేదు, జేబులో కుక్కింది. తర్వాత నలుగురం కట్ట మెట్ల మీద కూర్చుని బాలరాజు గారి క్యారియర్ విప్పాము. చల్లారిన అన్నం, పప్పుచారు, కోడిగుడ్ల పులుసు. ఉప్పు కొంచెం ఎక్కువే. ఆయన కుడిచేతికి కట్టు ఉండడంతో ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిప్పలు పడుతున్నాడు. అత్త చూసి చూసి ఆ గిన్నె లాక్కుని, అన్నం కలిపి, ముద్దలు చేసి అందులోనే పెట్టి తిరిగి ఇచ్చింది. ఇద్దరిలో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

తిన్నాక ఆమె చెయ్యి కడుక్కుని, "మీ బిడ్డకు ఫోన్ కలుపు" అంది. ఆయన కంగారుగా జేబులు తడుముకుని ఫోన్ కలిపి ఇచ్చాడు. "బిడ్డా, నేను ఎస్తేరమ్మను. మీ నాయిన చేతికి జర దెబ్బ తాకింది. ఫికర్ లేదు, దవాఖానకు తీస్కపోయి సూది ఏపిస్త. ఇంకోటి చెప్తున్న విను. నువ్వు మొన్న అడిగినవ్ గద. నాకు ఇష్టమే" అని, అటువైపు ఏమంటున్నారో వినకుండానే ఫోన్ ఆయన చేతిలో పెట్టేసింది. బాలరాజు గారు ఫోన్ చెవికి పెట్టుకుని చెరువు వైపు చూస్తూ ఉండిపోయాడు. అవతల కూతురు "నాయినా, నాయినా" అంటున్నది నాకు వినిపిస్తూనే ఉంది.

ఆయనకు సూది వేయించి పంపాక, మేమిద్దరమే ఆటోలో ఇంటికి వెళ్తుంటే అడిగాను. "అంతసేపు మామతో ఏం చెప్పినవ్ అత్తా?"

"అన్ని చెప్పిన. దుకాణం ముచ్చట, చర్చికి కొత్త రేకులు ఏసిన ముచ్చట, నీ ముచ్చట. గీ అసలు ముచ్చట చెప్పనీకి నోరు రాలె. ఇంకొకపారి వచ్చి చెప్త అనుకొని లేచిన. గంతల గేరు పాయె."

"అయితే మామకు చెప్పనే లేదా?"

అత్త బయట రోడ్డు వైపు తల తిప్పింది. తర్వాత అంది, "మీ మామ మా ఇద్దరిని ఇంటిదాక తన బాట మీదనే పంపె గద. చూడలేదంటవా?"

ఆ తర్వాత సంగతులు కూడా చెప్పాలి. యాదగిరన్న గేర్‌బాక్స్ విప్పితే, బాలరాజు మామే దాన్ని ఆటోలో పెద్ద అంబర్‌పేట్ దగ్గర తనకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లి కొత్త ప్లేట్లు, సీల్ వేయించి తెచ్చాడు. అవును, ఇప్పుడు ఆయన్ని మామ అనే పిలుస్తున్నాను. క్రిస్మస్ అయ్యాక అత్త చర్చిలోనే పెళ్లి చిన్నగా జరిగింది. పెళ్లిచీర ఆయన కూతురే ఎంచింది; అత్త బట్టలు వేరేవాళ్లు ఎంచడం అదే మొదటిసారి. నేను చాలా చోట్లకు వెళ్లాను, చాలా నీళ్లు చూశాను. కొత్తగా బతకాలంటే పాతది వదిలేసి రావాలని అందరం తేలిగ్గా అంటుంటాం. ఆ రోజు అత్త ఏదీ వదిలిపెట్టలేదు. తన చేను, తన బాట, తన మనిషి, అన్నీ అక్కడే ఉన్నాయని చూపిస్తూ, వాటి మీదుగానే ఇంకో మనిషిని వెంటబెట్టుకుని ఒడ్డుకు వచ్చింది. పక్కన కూర్చున్నాయన ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. తోడు అంటే నాకు అప్పటి నుంచి గుర్తొచ్చేది గడ మీద ఆనుకుని "రేగుచెట్టు దాటినంక?" అని అడిగిన ఆ గొంతే.

మీరు పెద్ద చెరువు మీద పడవ ఎక్కాలనుకుంటే ఒక్క మాట. ఒడ్డు వదలకముందే ఇంజను వేయించి, ముందు గేరు, వెనక గేరు రెండూ పడుతున్నాయో లేదో చూపించమని అడగండి. పడవవాళ్లు నవ్వినా సరే, అడగండి. యాదగిరన్న అయితే ఇప్పుడు ఎవరూ అడగకముందే తనే చూపిస్తున్నాడు.